తాడు ఎంత బిగించి కట్టారు?

లిఫ్ట్ ఆగింది. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఒక్క కుదుపుతో ఆగింది. మూడో అంతస్తు దాటింది, నాలుగోది రాలేదు. వాచీలో మూడూ పది. నా చేతిలో అక్క మోకాళ్ల నొప్పులకి తెచ్చిన మాత్రల పొట్లం. పక్కన, భుజం మీద ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌తో నడివయసు మనిషి. అతను క్యాన్ కిందికి దించి నా వంక చూసి, "మీరేమన్నా నొక్కారా సార్?" అన్నాడు, తప్పు ముందే ఎవరిదో తేల్చుకుంటే మంచిదన్నట్టు. లేదన్నాను. అతను గంట బొత్తాం మీద వేలు పెట్టి తియ్యకుండా నిలబడ్డాడు. కాసేపటికి బొత్తాల పక్కనున్న చిల్లుల రేకులోంచి గరగర, ఆ గరగరలోంచి ఒక ఆడగొంతు. "లోపల ఎంతమంది ఉన్నారు?" నేను గోడకి ఆనుకున్నాను. ఆ గొంతు నాకు తెలుసు, లిఫ్టులు బాగుచేసే నా మేనకోడలిది. దానికి అయిదేళ్లున్నప్పటి నుంచీ తెలుసు. "ఇద్దరం మేడమ్, ఒక నీళ్ల క్యాను" అన్నాడతను. "కంగారు పడకండి. రెండు వీధుల అవతల ఉన్నాను. తలుపు మాత్రం లాగొద్దు. వచ్చేస్తున్నా." గరగర ఆగిపోయింది. నేను పేరు చెప్పలేదు. లోపల తన మేనమామ ఉన్నాడని దానికి తెలియదు. తలుపు తెరుచుకునే వేళకి ఎదురుగా అదే ఉంటుంది, నాకు పక్కకి తప్పుకునే దారి ఉండదు. పదిహేడేళ్లుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం, అది పనిలో ఉండే వేళ చూసుకుని మరీ ఈ లిఫ్టెక్కి అయిదో అంతస్తుకి వెళ్లి అక్కని చూసి వస్తున్నాను. అది ఇంటికొచ్చే లోపు దిగిపోతాను. ఆ జాగ్రత్తంతా ఇవాళ ఈ డబ్బాలో ఇరుక్కుంది.

"తాడు తెగితే ఏమవుద్ది సార్?" నీళ్లమనిషి క్యాన్ మీద కూర్చున్నాడు. తెగదన్నాను. ఒకటి కాదు, నాలుగుంటాయి, ఒక్కటే మన బరువు మొయ్యగలదు. "మరి జారితే?" మంచి ప్రశ్న. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను, వెనక బెంచీ నుంచి ఇంత మంచి ప్రశ్న ఎప్పుడోగాని వచ్చేది కాదు. పైన ఒక చక్రం ఉంటుందయ్యా, దాని గాడిలో తాళ్లు ఊరికే వేలాడుతుంటాయి, ఏ ముడీ లేదు, ఏ మేకూ లేదు. ఇటు మనం, అటు ఎదురు బరువు. గాడికీ తాడుకీ మధ్య ఘర్షణ ఒక్కటే మనల్ని పట్టుకుని ఉంది. అతను పైకప్పు వంక చూసి, "అంటే రుద్దుడు మీద బతుకుతున్నామా" అన్నాడు. అవును. పాఠంలో మాత్రం అలా చెప్పం. పాఠంలో కప్పీ నునుపైనది, తాడు బరువు లేనిది, సాగనిది. కప్పీ నిజంగా అంత నునుపైతే ఈ లిఫ్ట్ మొదటి రోజే అదుపు తప్పేది. నునుపైన కప్పీలతో నేను వేల లెక్కలు చేయించాను. బోర్డు మీద కప్పీకి ఒక గుండ్రం, దాని మీంచి ఒక గీత, రెండు వైపులా రెండు చదరాలు. "తన్యత, అంటే తాడులో బిగువు, రెండు వైపులా సమానం, రాసుకోండి." రాసుకునేవాళ్లు. ఒక్కతి రాసుకోకుండా చూసేది.

అక్క కుట్టుమెషిన్ పక్కనే మా చదువు. బావ పోయాక అక్క ఆ మెషిన్ మీదే ఇల్లు నడిపింది. నేను సాయంత్రాలు వచ్చి మేనకోడలికి లెక్కలు చెప్పేవాణ్ణి. అంతకన్నా ఏం చెయ్యగలనని, ఆ చేసేదే గొప్పగా చేశాను. నేను రాసిన పాఠ్యపుస్తకంలో ఘర్షణ అధ్యాయం అది గుక్క తిప్పుకోకుండా చెప్పేది. బాణం గుర్తులు మాత్రం తన పద్ధతిలో గీసేది. తాడులో తన్యతకి అందరూ గీత గీసి మొన పెడతారు. ఇది మొన బదులు చిన్న కొక్కెం పెట్టేది, కుట్టుసూది కన్నులో దారం తగిలించినట్టు. ఎన్నిసార్లు మొట్టికాయ వేసినా మానలేదు. ఒకరోజు కుట్టుమెషిన్ మీద దారం వెళ్లే దారిలో రెండు చిన్న బిళ్లల మధ్య ఉండే మరని తిప్పుతూ, "మామయ్యా, ఇదే దారం, ఇదే గుడ్డ. ఈ మర తిప్పితే దారం బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది. మీ లెక్కలో ఈ మర ఎక్కడుంది?" అంది. అక్క పెడల్ తొక్కడం ఆపకుండా, "దాన్ని కెలికావంటే చేతులు విరగ్గొడతా. పొద్దున్నుంచీ కుదుర్చుకున్న బిగువు" అంది. నేను నవ్వాను. లెక్కలో మర లేదే పిల్లా, లెక్కలో ఉన్నదే ఉంటుంది అన్నాను. బాగా చెప్పాననుకున్నాను కూడా. ఎంత తెలివిగా చెప్పాననుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు ఈ ఇనుప గోడకి నెత్తి కొట్టుకోవాలనిపిస్తోంది, కాని నీళ్లమనిషి భయపడతాడు.

"ఆవిడొచ్చిందంటే పది నిమిషాల్లో తీసేస్తది సార్" అంటున్నాడతను, నన్ను ఓదారుస్తున్నట్టు. "లిఫ్టమ్మ అంటాం మేం. పోయిన నెల అవతలి బిల్డింగులో ఒకాయన ఆడమనిషివి నీకేం తెలుసులే అన్నాడంట. సరే మీరే తీసుకోండని మెట్ల మీద కూర్చుని టీ తాగిందంట. అరగంట! లోపల ఆయన పెళ్లాం. బైటికొచ్చినాక ఆవిడ మొగుణ్ణి తిట్టిన తిట్లు మూడో అంతస్తు దాకా వినబడ్డయి." పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ లిఫ్టమ్మ ఒకప్పుడు వంతెనలు కడతానంది. పదిహేడేళ్ల వయసులో కూడలి మీది వంతెన కింద నిలబడి, దూలాల్ని లెక్కపెడుతూ, "దీన్ని కట్టినోళ్లు నిద్రపోయి ఉంటారా మామయ్యా, అది ఆగుతుందో లేదోనని?" అని అడిగింది. దానికి కావలసింది ఇంజనీరింగ్ కాలేజీలో సీటు. సీటుకి కావలసింది ప్రవేశ పరీక్ష. ఆ పరీక్షలో మా సబ్జెక్టుకి ముఖ్య పరీక్షకుణ్ణి నేను. ఇంట్లో మేనకోడలు పరీక్ష రాస్తోందని పై ఆఫీసుకి ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. పేపర్ల మీద పేర్లుండవు, అంకెలే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆరో ప్రశ్న. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. ముప్పై డిగ్రీల వాలు మీద పది కిలోల దిమ్మె నిశ్చలంగా ఉంది. దాన్ని తాడుతో పైన మేకుకి కట్టారు. ఘర్షణ గుణకం సున్నా పాయింట్ మూడు. తాడులో తన్యత ఎంత? అయిదు మార్కులు. నా పుస్తకంలోంచి నేనే తీసి ఇచ్చిన లెక్క, దిద్దేవాళ్లకిచ్చే జవాబు కాగితం కూడా నేనే రాశాను. దిమ్మె కిందికి లాగే బలం యాభై, ఘర్షణ ఆపగలిగేది ఇరవై ఆరు, మిగిలిన ఇరవై నాలుగు న్యూటన్లు తాడు మీద. మూడు వరుసల్లో అయిపోతుంది. పేపర్లు దిద్దే హాల్లో పొడుగు బల్లలు, చెమట వాసన, ఎర్ర సిరా. నాలుగో రోజున ఒక కుర్ర లెక్చరర్ ఒక పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. "సార్, వీడెవడో జవాబు రాయకుండా మనకే ప్రశ్న వేశాడు." చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. తీసుకుని చూశాను. ఒక వాలు, ఒక దిమ్మె, ఒక తాడు. తాడు చివర మొన లేదు. కొక్కెం ఉంది.

దాని కింద చక్కటి అక్షరాల్లో: ఈ లెక్కకి ఒకే జవాబు లేదు. దిమ్మె జారకుండా ఉందని మాత్రమే చెప్పారు. తాడుని ఊరికే తగిలిస్తే ఇరవై నాలుగు. లాగి బిగించి కడితే ఘర్షణ అటు తిరిగి డెబ్బై ఆరు దాకా. మధ్యలో ఎంతైనా ఉండొచ్చు. తాడు ఎంత బిగించి కట్టారు? చెప్తే జవాబు రాస్తాను.

కుర్ర లెక్చరర్ గొంతు తగ్గించి, "సార్, ఇందులో ఏదో ఉందేమోనండి" అన్నాడు. ఉంది. అది నాకు ఆ క్షణంలో తెలిసిందా? తెలియలేదనే ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నిజానికి నా కళ్లు ఆ డెబ్బై ఆరు మీద ఆగాయి. చటుక్కున తీసేశాను. ఇది నా మేనకోడలి పేపరు, అయిదు మార్కులూ వేస్తే అయినవాళ్లకి వేసినట్టు కాదూ? అది ఎవరి పేపరో తెలియకపోయి ఉంటే కాసేపు ఆలోచించేవాణ్ణి. తెలిసింది కాబట్టే ఆలోచించలేదు. నా నిజాయితీ ఎంత గట్టిదో హాలంతా చూస్తున్నట్టు, ఆ పేపరు ఎవరిదో హాల్లో ఒక్కరికీ తెలియకపోయినా, "జవాబు కాగితంలో ఏముంటే అదే. సున్నా వెయ్యి" అన్నాను. అతను వేశాడు. ఆ సున్నా గుండ్రంగా, నేను బోర్డు మీద గీసే కప్పీలా ఉంది.

పైన ఎక్కడో ఇనుప తలుపు తెరిచిన చప్పుడు. బూట్ల అడుగులు. మా నెత్తి మీద, చాలా పైన, యంత్రం గదిలో అది తిరుగుతోంది. "వచ్చింది" అన్నాడు నీళ్లమనిషి, లేచి క్యాన్ భుజానికెత్తుకుంటూ. ఇంకా టైముంది, దించమన్నాను. ముందు కరెంటు ఆపుతుంది, తాళ్ల మీద పసుపు రంగు గుర్తులు చూసి మనం ఎక్కడున్నామో లెక్క వేస్తుంది, తర్వాతే బ్రేకు వదులుతుంది. "బ్రేకు వదుల్తదా!" అని క్యాన్ వాటేసుకున్నాడు. వదిలితే పడం, పైకి లేస్తాం. మనిద్దరికన్నా ఎదురు బరువే ఎక్కువ. అతను నా ముఖంలోకి చూసి, "మీరు అబద్ధం చెప్పే మనిషిలా లేరులే సార్" అన్నాడు.

సున్నా వేయించిన ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. వెలుతురింకా పోలేదు. పెరట్లోంచి ఇటుక తెచ్చాను, మంచం కింది చెక్క తీసి పుస్తకాల దొంతర మీద వాలుగా పెట్టాను, కాలేజీ నుంచి తెచ్చుకున్న స్ప్రింగు త్రాసుకి దారం కట్టాను. ఇటుకని నెమ్మదిగా కిందికి వదిలి చూశాను. ముప్పావు కిలో. దారాన్ని కొంచెం లాగి, మేకుకి ఒక చుట్టు ఎక్కువ చుట్టి చూశాను. కిలోన్నర. ఇంకొంచెం లాగాను. రెండు కిలోలు. ఇటుక కదల్లేదు. అదే ఇటుక, అదే చెక్క, అదే దారం, మూడు జవాబులు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఎన్నేళ్లుగా చెప్తున్నాను, ఎంతమందికి చెప్పాను, జారనిదాని ఘర్షణ ఎప్పుడూ నిండుగా ఉండదని, అవసరమైనంతే వస్తుందని, అవసరాన్ని బట్టి అటూ ఇటూ కూడా తిరుగుతుందని! నోటితో చెప్పిన మాట చేత్తో రాసేటప్పుడు మర్చిపోయాను. దిద్దిన మార్కులు మర్నాడు పన్నెండింటికి పై ఆఫీసుకి వెళ్తాయి. ఆ లోపు నేను వెళ్లి, ఆరో ప్రశ్న తప్పు, ఆ అమ్మాయి రాసిందే సరైంది అంటే చాలు. ఏ అమ్మాయి, అని అడుగుతారు. పేపరు మీద పేరు లేదుగా, అమ్మాయని మీకెలా తెలుసు? రాత్రంతా ఈ ప్రశ్న వేసుకున్నాను. ఇది వేసుకుంటే అసలు ప్రశ్న వేసుకోనక్కర్లేదు. అమ్మాయి అనకుండా కూడా చెప్పొచ్చు. ప్రశ్నే తప్పనొచ్చు. అప్పుడు రాసినవాళ్లందరికీ మార్కులు, హాల్లో నవ్విన వాళ్లందరి ముందూ నేను. పదకొండున్నరకి బట్టలు వేసుకున్నాను. పన్నెండు కొట్టేదాకా చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

సీటు మూడు మార్కుల్లో పోయింది. అయిదు మార్కుల లెక్క, మూడు మార్కుల తేడా. ఫలితాలొచ్చిన మర్నాడు అది మా ఇంటికొచ్చింది. ఏడవలేదు. ప్రశ్నపత్రం మడత విప్పి ఆరో ప్రశ్న మీద వేలు పెట్టి, "మామయ్యా, నేనిలా రాశాను" అని చెప్పింది. అంతా చెప్పి, "తప్పా?" అంది. ఇటుక ఇంకా నా మంచం కిందే ఉంది. "తప్పు" అన్నాను. ఒక్క మాట. అది తలూపి కాగితం మళ్లీ అవే మడతల మీద మడిచింది. ఆ తర్వాత నన్నొక్క సందేహం కూడా అడగలేదు. ఆ సాయంత్రమే అక్క వచ్చింది, చీర కొంగుకి దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి, పని మధ్యలో లేచి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "ఇంత చెప్పించుకుని తిక్క రాతలు రాసొచ్చిందటగా, పరీక్షలో పెద్దలకి ఎదురు ప్రశ్నలు వేసిందట. నీ కష్టం బూడిదపాలు చేసింది. నీ పేరు పోగొట్టింది. దాని తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నానురా తమ్ముడూ" అంది. నాకన్నా పదేళ్లు పెద్దది, నన్ను ఎత్తుకుని పెంచింది. నా ముందు చేతులు జోడించింది. నేను, ఫరవాలేదులే అక్కా, అన్నాను. ఫరవాలేదులే అని క్షమించేశాను!

మరుసటి ఏడు నా పుస్తకం కొత్త ముద్రణకి వెళ్లింది. ఆ లెక్క దగ్గర 'నిశ్చలంగా ఉంది' అన్నది కొట్టేసి 'కిందికి జారబోతున్న స్థితిలో ఉంది' అని మార్చాను. ఒక్క మార్పు. దాంతో జవాబు ఇరవై నాలుగే అవుతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. ముందుమాటలో అచ్చుతప్పులు సవరించామని రాశాను. అప్పటికి అది లిఫ్టుల కంపెనీలో చేరి, నూనె మరకల చొక్కాతో యంత్రం గదులు ఊడుస్తోంది. పెళ్లిళ్లలో, చావుల్లో కనిపిస్తే "బాగున్నారా మామయ్యా" అంటుంది. బాగున్నానంటాను. అంతే. ఇన్నేళ్లలో అంతకు మించి ఏం మాట్లాడానో ఎంత వెతికినా దొరకడం లేదు.

ఒక కుదుపు. నీళ్లమనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. లిఫ్ట్ జానెడు లేచి ఆగింది. మళ్లీ జానెడు. పైన అది చేత్తో చక్రం తిప్పుతోంది, ఇంత వదిలి, ఇంత పట్టి. ఎంత నెమ్మది! ఆ చేతుల కింద నేనున్నానని తెలిస్తే చక్రం ఒక్క క్షణం ఆగేదా? ఏమో. తెరుచుకోగానే చెప్పెయ్యాలి. నీళ్లమనిషి ఉన్నా సరే, మంచిదే, సాక్షి ఉంటాడు. ఏమని మొదలుపెట్టాలి? నీతో ఒక మాట... కాదు. ఆరోజు ఆ లెక్క... అది మర్చిపోయి ఉంటే? మర్చిపోయి ఉంటే బాగుండునని ఒక మూల ఆశ, దాని పక్కనే సిగ్గు. బూట్ల చప్పుడు మెట్ల మీంచి దిగుతోంది. తలుపు అవతల తాళంచెవి తిరిగింది. వెలుతురు ముందు సన్నగా, తర్వాత ఒక్కసారిగా.

నాలుగో అంతస్తు గచ్చు మా పాదాలకి సమంగా, వెంట్రుక వాసి తేడా లేకుండా ఉంది. అది నన్ను చూసింది. చెంప మీద నల్లటి మరక, చెవి మీద పెన్సిలు, కణతల దగ్గర నెరిసిన నాలుగు వెంట్రుకలు. నేను చూడకుండానే దానికి ముప్పై నాలుగేళ్లొచ్చేశాయి. "మీరా మామయ్యా? మైకులో పలకలేదే" అంది. నీళ్లమనిషి బయటికి దూకినట్టు వెళ్లి, "మీ మామయ్యా! అందుకే అంత ధైర్యం చెప్పారు. మీరు బ్రేకు వదుల్తారని కూడా ఈయనే చెప్పారు మేడమ్, నా ప్రాణం పోయింది" అంటూ క్యాన్ భుజానికెత్తుకుని కారిడార్లోకి వెళ్లిపోయాడు. సాక్షి పోయాడు. నేనూ బయటికి వచ్చాను. అది చంకలోంచి రిజిస్టరు తీసి మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"ఆ లెక్క, ఆరో ప్రశ్న" అన్నాను. "నువ్వు రాసిందే సరైంది. సున్నా వేయించింది నేనే."

పెన్సిలు ఆగింది. తలెత్తలేదు. "కిందికి జారబోతున్న స్థితిలో ఉంది" అంది, పాఠం అప్పజెప్పినట్టు. "కొత్త పుస్తకం వచ్చిన వారానికే చూశాను. షాపులో నిలబడి."

మెట్ల పక్క ఇంట్లో ఎవరో తలుపు గొళ్లెం వేసుకున్నారు. పదహారేళ్లు. నాకు తెలుసని దానికి తెలిసి పదహారేళ్లు. ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో, బాగున్నారా మామయ్యా.

"మరి ఎందుకడగలేదే?"

"మీరు చెప్తారేమోనని చూశాను." రిజిస్టరు మూసింది. కోపంగా లేదు, అదే భరించలేకపోయాను. "ఈ లిఫ్టుకి నాలుగు తాళ్లు మామయ్యా. లెక్కలో బరువు నాలుగు సమాన భాగాలవుతుంది. నిజంగా కాదు. కట్టినప్పుడు ఏది ఎంత బిగిస్తే అంత, ఒకటి మోస్తూ ఉంటుంది, మూడు చూస్తూ ఉంటాయి. ఆర్నెల్లకోసారి ఒక్కోదాన్నీ చేత్తో పట్టి చూసి సరిచెయ్యాలి. నా పనే అది."

క్షమించమని నోరు తెరిచాను. అది చెయ్యెత్తి ఆపింది, బండిని ఆపినట్టు.

"నాకొద్దు. నాకు చేతినిండా పనుంది, బాగానే ఉన్నాను. అమ్మ మీకు చేతులు జోడించింది చూడండి, ఆ రోజు. ఇప్పటికీ అంటుంది, తమ్ముడి ముందు నా తల దించేశావే అని. మోకాళ్లు నొప్పెడుతున్నప్పుడు మరీ అంటుంది. వెళ్లి ఆ క్షమాపణ అమ్మకి తిరిగిచ్చెయ్యండి."

కిందికి వంగి సామాన్ల సంచీ తీసుకుంది. లిఫ్ట్ లోపలికి చూసి, లైటు వేసి, బొత్తాం నొక్కి పరీక్షించి, "పనిచేస్తోంది, ఎక్కండి" అంది. పైకో కిందికో అడగలేదు. రెండు బొత్తాలూ వెలుగుతున్నాయి. తలుపు నా కోసం తెరుచుకుని ఆగింది. కాసేపు ఆగి, ఎవరూ ఎక్కకపోయేసరికి, దానంతటదే మూసుకుంది.

నేను మెట్ల వైపు తిరిగాను. నాలుగు నుంచి అయిదుకి పద్దెనిమిది మెట్లు. పై నుంచి కుట్టుమెషిన్ చప్పుడు, కాస్త నడిచి, ఆగి, మళ్లీ నడుస్తూ. అక్క ఇప్పటికీ కుడుతోంది. మాత్రల పొట్లం చెమటకి మెత్తబడిపోయింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. వెనక దాని బూట్లు వెళ్లిపోయిన చప్పుడు లేదు. నేను పైకి వెళ్తానో కిందికి వెళ్తానో చూస్తూ అక్కడే నిలబడి ఉంది.